వెనక సీటు మట్టి

కిందటి నెల మా ఫోర్‌మన్‌కు సంతాప సభ జరిగింది. క్యాంపస్‌లో ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాప్ వెనక ఉన్న రేకుల షెడ్డులోనే పెట్టారు. ఆయన పాతికేళ్లకు పైగా పనిచేసిన చోటు అది. మాట్లాడినవాళ్లలో ఒకరు, ఆయన చేతిలో పని ఒక్కసారి కూడా చెడలేదని అన్నారు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు, లేచి మాట్లాడనూ లేదు. సభల్లో మాట్లాడటం నాకు చేతకాదు.

ఒకసారి చెడింది. ఆ రోజు నీళ్ల పైపు పట్టుకున్నది నేను. వర్క్‌షాపుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఆ సంగతి తెలుసుకోవాలని రాస్తున్నాను. పోయినవాళ్లను పొగడటం కోసం వాళ్లు చేసిన తప్పును కూడా తీసేస్తే, ఆ తప్పు తర్వాత వాళ్లు చేసిన పని కూడా పోతుంది.

అప్పట్లో మా మెకానికల్ ప్రొఫెసర్ ఒకాయనకు పాత యుద్ధ విమానాలంటే ఇష్టం. ఈశాన్య సరిహద్దు కొండల్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానం ఒకటి పడి ఉందని ఆయనకు తెలిసింది. అది మన దేశపు విమాన దళానిదే. దాన్ని తెచ్చి, బాగుచేసి, విద్యార్థులు చూసేలా క్యాంపస్‌లో నిలబెట్టాలని ఆయన కోరిక. అనుమతుల కోసం రెండేళ్లు తిరిగాడు. అవి వచ్చాక, విప్పడానికి ఫోర్‌మన్‌ను, ఫిట్టర్‌గా నన్ను వెంట తీసుకెళ్లాడు.

రైలు, జీపు, ఆపైన మూడు రోజుల నడక. నేను సంచిలో రెండు పుస్తకాలు పెట్టుకున్నాను. వాటిని చూసి ఫోర్‌మన్ దారంతా నన్ను వదల్లేదు. "తమ్మీ, నీ పుస్తకంల రాసి ఉన్నదా జలగను ఎట్ల పీకాల్నో? జర చదివి చెప్పు, నా కాలు పట్టుకున్నది ఒకటి." నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. మోకాళ్ల నొప్పులు. అయినా చివరి ఎత్తు నాకన్నా ముందు ఎక్కాడు.

విమానం ఒక వాగు పక్కన ముక్కు నేలలోకి దిగబడి ఉంది. ఒకే ఇంజను, రెండు సీట్లు. ముందు సీటులో నడిపే అతను, వెనక సీటులో మరతుపాకీ పట్టే అతను ఒకరికొకరు వీపులు పెట్టి కూర్చుంటారు. రెక్కల రేకును ఊరివాళ్లు ఎప్పుడో తీసుకుపోయారు. ఒక ఇంట్లో దానితో చేసిన కంచంలోనే మాకు అన్నం పెట్టారు. మిగిలినదాంట్లో మాకు కావలసినది సీట్లున్న భాగం. అది నలిగిపోయి, రెండు సీట్ల మధ్య గోడ విరిగి, లోపల ఎర్రమట్టి గట్టిగా నిండిపోయి ఉంది.

ఆ ఊరి పెద్దమనిషి అక్కడికి వచ్చి కూర్చున్నాడు. ఆయన మాటను ఊరి బడిపంతులు మాకు హిందీలో చెప్పాడు. విమానం పడ్డప్పుడు ముందు సీటులో ఉన్నతన్ని తమ తండ్రులు బయటికి తీసి పాతిపెట్టారట. ఒళ్లంతా దొరకలేదట. వెనకతను లోపలున్నాడో, ముందే దూకేశాడో తమకు తెలియదట. "లోపలి మట్టిని ఇక్కడే తియ్యండి. మేమూ కూర్చుని చూస్తాం" అన్నాడు పెద్దమనిషి.

అడిగింది న్యాయమే. కానీ ఫోర్‌మన్ ఒప్పుకోలేదు. ఆయన ఆ భాగాన్ని చేత్తో నొక్కి చూసి, "మట్టి తీస్తే రేకు ముడుసుకపోతది సార్. పోత పోసేటప్పుడు లోపల ఇసుక ఉంటది చూడున్రి, గట్లనే గీ మట్టి దీన్ని నిలబెట్టింది. మట్టితోనే మోసుకపోదాం" అన్నాడు. ఆ లెక్క సరైనదే. వానలు కూడా దగ్గర పడ్డాయి. హైదరాబాద్‌లో మెల్లగా, ఏ సీటు మట్టి ఆ సీటుకు వేరుగా తీస్తామని, ఏది దొరికినా కబురు పంపిస్తామని పెద్దమనిషికి చెప్పమని బడిపంతులుతో అన్నాను. ఆ మాట ఇచ్చింది నేను. ఆయన నా మొహం కాసేపు చూసి లేచి వెళ్లిపోయాడు. వెదురు బొంగులకు కట్టి, ఆ ఊరి మనుషులే దాన్ని కిందికి మోశారు.

లారీ క్యాంపస్‌కు చేరింది. ప్రొఫెసర్ కాగితాల పని మీద ఈశాన్యంలోనే ఆగిపోయాడు. రెండు రోజుల్లో వస్తానన్నాడు. ఈలోపు విమానాన్ని చూడటానికి ఢిల్లీ నుంచి ఒక పెద్ద అధికారి మర్నాడే వస్తున్నాడని ఆఫీసు నుంచి కబురొచ్చింది.

మా వర్క్‌షాప్‌లో ఒక పద్ధతి ఉండేది. లోపలికి వచ్చిన ఏ ఇంజనైనా, ఏ గేరుపెట్టైనా ముందు కడగాలి. కడగనిదాన్ని ఎవరూ ముట్టకూడదు. మట్టి, జిడ్డు ఉన్న భాగం మీద స్పానర్ పెడితే ఫోర్‌మన్ ఆ స్పానర్ లాక్కునేవాడు. పగులు ఎక్కడుందో కడిగితేనే తెలుస్తుంది. అది మంచి పద్ధతి. నేను చేరిన మొదటి రోజు నేర్చుకున్నది అదే.

"ఏం జూస్తున్నవ్ తమ్మీ? పైపు తియ్" అన్నాడు ఫోర్‌మన్.

"సార్ వచ్చినంక చేద్దామా అన్నా?"

"సార్ వచ్చి మట్టి కడుగుతడా? రేపు ఆ పెద్దాయనకు ఏం చూపెడ్తవ్, బురద గడ్డనా? నాలుగు దిక్కుల జాకీలు పెట్టిన. రేకుకు ఏం కాదు. తియ్."

అల్యూమినియం పాడవుతుందని కాస్టిక్ సోడా వాడలేదు. కిరోసిన్ కలిపిన సబ్బునీళ్లు వాడాం. పంపు జోరు తగ్గించాం. లోహం విషయంలో అంత జాగ్రత్తగా ఉన్నాం. కొండమీద పెద్దమనిషికి ఇచ్చిన మాట నాకు గుర్తురాలేదని చెప్పుకోవచ్చు. వచ్చింది. మట్టి మొదటి పెళ్ల ఊడి కిందపడ్డప్పుడు గుర్తొచ్చింది. పైపు ఆపలేదు. చేతులు అలవాటైన పనిలో ఉన్నప్పుడు మనసుకు వచ్చిన మాటను నోటిదాకా తేవడం కష్టం. ఇది సాకు కాదు, అప్పుడు జరిగింది చెబుతున్నాను. ముందు సీటు మట్టి, వెనక సీటు మట్టి కలిసి ఎర్రటి నీళ్లై కాలువలోకి పోయాయి.

సాయంత్రానికి రేకు తెల్లగా బయటపడింది. దాని తోక వైపు అంచున విమానం నంబరు కనబడింది. మర్నాడు అధికారి వచ్చి, చాలా మెచ్చుకుని, దాని పక్కన నిలబడి ఫోటో దిగాడు. ఆ ఫోటో పేపర్లో వచ్చింది, నంబరుతో సహా.

ఆ తర్వాతి రోజు ప్రొఫెసర్ వచ్చాడు. షెడ్డులోకి వచ్చి, ఖాళీ సీట్లలోకి వంగి చూసి, "మట్టి ఏది?" అని అడిగాడు.

"మొత్తం కడిగేసినం సార్" అన్నాడు ఫోర్‌మన్, సంతోషంగా.

ప్రొఫెసర్ అక్కడున్న స్టూల్ మీద కూర్చున్నాడు. ఆయన తిట్టే మనిషి. ఆ రోజు తిట్టలేదు. అప్పుడు అర్థమైంది ఫోర్‌మన్‌కు. మెడలోని తువ్వాలుతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టి, ఎంతసేపటికీ ఆపలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె వచ్చింది. ఎనభైకి దగ్గరగా ఉంటుంది. మెట్టుగూడ నుంచి ఆటోలో ఒక్కతే వచ్చింది. రైల్వే ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైందట. చేతిలో పేపరు ముక్క, ప్లాస్టిక్ కవరులో ఒక పాత ఉత్తరం. ఉత్తరంలో ఉన్న నంబరు, విమానం మీద ఉన్న నంబరు ఒకటే.

"మా అన్న గిండ్ల ఎనుక కూసున్నడు నాయనా" అంది.

ఆమె తండ్రి రైల్వే లోకో షెడ్డులో పనిచేసేవాడు. అన్న కూడా అక్కడే పని నేర్చుకుంటూ, యుద్ధం రాగానే విమాన దళంలో చేరాడు. ఆ కవరులోని ఉత్తరమే ఆఖరిది. విమానం తిరిగి రాలేదని, ఇద్దరి ఆచూకీ లేదని అందులో ఉంది. కొన్నాళ్లకు వాళ్లుండే రైల్వే క్వార్టర్లలో ఎవరో ఒక మాట అన్నారు. వెనక కూర్చున్నోడికి దూకడం తేలిక, పారాచూట్ కట్టుకుని దూకి, నడిపే ఆఫీసర్‌ను చావుకు వదిలి ఎటో పోయి ఉంటాడని. ఆ మాట లోకో షెడ్డుకు చేరింది. తండ్రి డ్యూటీలో ఉండగా మొహం మీదే అన్నారు. ఆయన చర్చికి వెళ్లడం మానేశాడు. తల్లి మాత్రం మానలేదు.

"పేపర్ల నంబర్ చూసి మా వాడకట్టోళ్లకు చూపెట్టలే, మొదలు ఈడికే వచ్చిన" అంది ఆమె. "ఒక్కటి చెప్పు నాయనా. ఎనుక సీటుల మనిషి ఉండెనా, లేకుండెనా?"

మేం కడిగాం కాబట్టి నంబరు కనబడింది. నంబరు కనబడింది కాబట్టి ఆమె వచ్చింది. ఆమె అడిగినదానికి జవాబు ఉంటే ఆ మట్టిలోనే ఉండాలి. దాన్ని కూడా కడిగేశాం. ఆ క్షణం నాకు ఇవన్నీ ఒకేసారి తెలిశాయి. "ఇంకా చూస్తున్నమమ్మా. పది దినాలాగి రాండ్రి" అన్నాను. ఆమె సరేనని, వెళ్లేముందు వెనక సీటు అంచు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది.

షెడ్డు కాలువ బయటికి పోయేముందు ఒక గుంటలో పడుతుంది. నూనె, ఇనుప రజను అందులో ఆగిపోవాలని కట్టిన గుంట. కొన్నేళ్లుగా ఎవరూ అందులోని బురద ఎత్తలేదు. బరువైనది ఏది పడినా ఆ బురదలోనే దిగబడిపోతుంది. మా బద్ధకం అక్కడ మాకు అక్కరకు వచ్చింది. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి ఫోర్‌మన్ మోకాళ్ల లోతు నల్లటి బురదలో దిగి ఉన్నాడు. "చూసుకుంట నిలబడకు, జల్లెడ తే" అన్నాడు.

ఎనిమిది రోజులు పట్టింది. బురదను బకెట్లతో ఎత్తి, నీళ్లు వంచి, ఎండబెట్టి, జల్లెడ పట్టాం. అందులో లేత్ మిషన్ల కింద రాలిన ఇనుప రజనే ఎక్కువ. దాన్ని చేత్తో ఏరడం అయ్యే పని కాదు. ఫోర్‌మన్ పాత లౌడ్‌స్పీకర్ నుంచి పెద్ద అయస్కాంతం తీసి, గుడ్డ చుట్టి, ఎండిన మట్టి మీద తిప్పేవాడు. ఇనుమంతా దానికి అంటుకునేది. గుడ్డ విప్పి దులిపి, మళ్లీ తిప్పేవాడు. అయస్కాంతం ముట్టనిదాన్ని ప్రొఫెసర్ తెల్లకాగితం మీద పోసి, భూతద్దంతో చూసేవాడు. ఆయన చదువు, హోదా అన్నీ పక్కన పెట్టి మాతోపాటు నేల మీద కూర్చున్నాడు.

రెండు ఇత్తడి గుండీలు దొరికాయి. ఒక బకిల్ ముక్క. ఏడో రోజు మూడు ఎముక ముక్కలు. పెద్దది బొటనవేలి కణుపంత ఉంటుంది.

పరీక్షకు పంపించాం. పదో రోజు వచ్చినప్పుడు, పోల్చి చూడటానికి ఆమె రక్తం కూడా ఇచ్చింది. రెండు నెలలకు, మనిషి ఎముకలేనని జవాబు వచ్చింది. ఎవరివో తేల్చడానికి వాటిలో డీఎన్ఏ ఏమీ మిగల్లేదట. కొండల తడి మట్టి కొంత తినేసింది, మా కిరోసిన్, గుంటలోని నూనె మిగిలింది తినేశాయి. గుండీలు, బకిల్ ఇద్దరి బట్టలకూ ఒకేలా ఉండేవి. మాకు తెలియాల్సిన ఆ ఒక్క సంగతే తెలియకుండా పోయింది. సీట్ల మట్టిని వేరువేరుగా తీసి ఉంటే, ఆ ముక్కలు ఏ సీటువో అప్పుడే తెలిసేది. ఇప్పుడు అవి ముందు సీటు అతని మిగిలిన ఎముకలు కావచ్చు, వెనకతనివి కావచ్చు.

ఆ సాయంత్రం తార్నాకలో మేం రోజూ చాయ్ తాగే ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఫోర్‌మన్ చాయ్‌ను సాసర్‌లో పోసుకుని, తాగకుండా కూర్చున్నాడు.

"ఎనుక సీటుల దొరికినయని చెప్దాం తమ్మీ."

నేను కప్పు కింద పెట్టాను.

"ఏంది, తప్పా? ముసలామె ఎన్ని దినాలుంటది? మనసు నిమ్మలమైతది. తెలిసినోళ్లం మనం ఇద్దరం, సార్, అంతే. సార్‌కు నేను చెప్త. ఎవడు అడుగుతడు?"

"ఎవ్వడు అడగడన్నా."

"మరి?"

"ఆమె అడిగింది ఉండెనా, లేకుండెనా అని. మనకు తెల్వది."

"తెల్వకుంట చేసింది మనమే కదరా" అన్నాడు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. "ఆ బాకీ ఎట్ల తీరాలె మరి?"

 చదివిన పుస్తకాలేవీ అప్పుడు పనికిరాలేదు. ఒక్కటే అన్నాను. "ఒకసారి ఆమె జవాబును కడిగేసినం. మళ్ల దాని మీద అబద్ధం పులిమి పంపుదామా?" ఆయన సాసర్ పక్కకు నెట్టి లేచాడు. చాయ్ అలాగే ఉంది.

మర్నాడు కబురు పెడితే ఆమె వచ్చింది. ప్రొఫెసర్ తానే చెబుతానన్నాడు. మట్టి వేరుగా తీస్తామని మాటిచ్చింది నేను కాబట్టి నేనే చెప్పాను. కుర్చీ వేశాను, ఆమె కూర్చోలేదు.

"దొరికినయి మనిషి ఎముకలేనమ్మా. కానీ ఏ సీటువో చెప్పలేం. రెండు సీట్ల మట్టి మేమే కలిపేసినం. చూడకుంట కడిగినం."

"ఎవరు కడిగిన్రు?"

"పైపు నేనే పట్టిన."

లేత్ మిషన్ దగ్గర అటు తిరిగి నిలబడ్డ ఫోర్‌మన్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "కడగమన్నది నేనమ్మా. ఈ తమ్మి ఆగుదామన్నడు. అనేది ఉంటే నన్ను అను."

ఆమె మా ఇద్దర్నీ చూసింది. "అరవై ఏండ్లు ఆగింది ఆ మట్టి" అంది. "మీరు రెండు దినాలు ఆగకపోతిరా?"

 ఆమె వెళ్లిపోయింది. ఆటో ఎక్కించడానికి వెంట వెళ్లబోతే, వెనక్కి తిరగకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. ఉద్యోగంలో నన్ను చాలామంది తిట్టారు. వాటిలో ఒక్కటీ ఇప్పుడు గుర్తు లేదు. ఆ చెయ్యి గుర్తుంది.

కొండమీది పెద్దమనిషికి కూడా ఉత్తరం రాశాను, బడిపంతులు పేరు మీద. జరిగింది జరిగినట్టు రాశాను. జవాబు రాలేదు.

నాలుగు నెలలు గడిచాయి. ఎముకలు ప్రొఫెసర్ గది బీరువాలో ఉన్నాయి. నడిపే అతని కుటుంబం కోసం ఆయన రాసిన ఉత్తరాలు అడ్రసు లేక తిరిగొచ్చాయి. ఒకరోజు ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి నేరుగా ప్రొఫెసర్ గదికి వెళ్లింది. మమ్మల్నీ పిలిపించింది.

"అవి ఏం చేస్తరు సారూ?"

అధికారులు అడిగితే పంపాలని, లేకపోతే ఇక్కడే ఉంటాయని ప్రొఫెసర్ చెప్పాడు.

"బీరువాలనా? వద్దు. నాకియ్యున్రి. మా అమ్మ పక్కన పెడ్త."

"అమ్మా, అవి మీ అన్నవి కాకపోతే?" అన్నాడు ప్రొఫెసర్, మెల్లగా.

"కాకపోతే ముందు కూసున్నాయనవి. ఆయన కూడ ఒక తల్లి కన్న బిడ్డనే కదా, ఆయన కోసం ఎవరొస్తరు ఈడికి?" కొంగు సర్దుకుంది. "దుంకిండు అని అన్నోళ్లు ఒక్కరు లేరు సారూ ఇప్పుడు. అందరు పోయిన్రు. నేనొక్కదాన్నే ఆ మాట మోసుకుంట తిరుగుతున్న. వచ్చింది కొడుకా, పరాయి బిడ్డనా, మా అమ్మ చూసి గుర్తువడ్తది. నాకు తెల్వక్కర్లే."

అనుమతి తెచ్చే పని ప్రొఫెసర్ చేశాడు. పెట్టె ఫోర్‌మన్ చేశాడు. పోత పనికి చెక్క అచ్చులు చేయడం కోసం దాచిన టేకు ముక్క తీసి, మూడు రోజులు చెక్కాడు. జానెడు పొడవు. అతుకులు చూడటానికి కనబడవు. మూతకు మేకులు కొట్టకుండా నాలుగు ఇత్తడి స్క్రూలు పెట్టాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయనే చెబుతాడనుకున్నాను, చెప్పలేదు.

చర్చి వెనక సమాధుల తోటలో, తల్లి సమాధి పక్కన చిన్న గుంట తీయించింది ఆమె. పాస్టర్‌గారు, ఆమె, మేం ముగ్గురం. ప్రార్థన చిన్నదే. రాయి మీద ఏం రాయాలని పాస్టర్‌గారు అడిగితే ఏమీ వద్దంది. తల్లి సమాధి గట్టు మీద కూర్చుని, పెట్టెను ఒళ్లో పెట్టుకుని మూత మీద చెయ్యి వేసింది. వేలు ఒక స్క్రూ దగ్గర ఆగింది.

"గివేంది?"

"స్క్రూలమ్మా" అన్నాడు ఫోర్‌మన్. "మేకులు కొట్టలే. ముందుముందు పరీక్షలు ఇంకా మంచిగైతయని సార్ అన్నడు. ఎప్పుడన్న తీసి చూస్తే ఎవరో తెలుస్తది. మేకులైతే తీసేటప్పుడు పెట్టె పగుల్తది."

తను చేసిన తప్పుకు ఆయన వెతుక్కున్న దారి అది. ఆమెకు జవాబు ఎప్పటికైనా దొరకాలని నాలుగు స్క్రూలంత చోటు వదిలిపెట్టాడు. నాకప్పుడు అర్థమైంది.

 కోపం లేదు ఆమె మొహంలో. "మంచిగ చేసినవ్ బిడ్డా" అంది. "కానీ మా అమ్మకు అప్పజెప్పినంక మళ్ల ఎవరన్న వాపస్ తీస్తరా?"

ఫోర్‌మన్ తలదించుకుని, సంచిలోంచి చిన్న ఉక్కు పంచ్, సుత్తి తీశాడు. అవి లేకుండా ఆయన ఎక్కడికీ వెళ్లడు. పెట్టెను రెండు చేతులతో అందుకుని, సమాధి గట్టు మీద పెట్టి, మొదటి స్క్రూ తలమీద పంచ్ ఆనించాడు. దెబ్బలు చిన్నగా కొట్టాడు, చెక్క అదరకుండా. స్క్రూ తలలో గాడి కొంచెం కొంచెంగా మూసుకుపోయింది. రెండోది. మూడోది. నాలుగోది. ఇక ఏ స్క్రూడ్రైవరూ వాటిని పట్టలేదు. ఇత్తడి పొడిని ఊది, నాలుగు తలలూ నున్నగా ఉన్నాయో లేదో బొటనవేలితో తడిమి చూసుకుని, పెట్టెను తిరిగి ఆమె చేతుల్లో పెట్టాడు.